కలం పట్టిన దర్జీ – థామస్ పెయిన్

తెలుగువారు రోజుకు పదిసార్లు పలికే 'హక్కు' అనే మాట అరబీ నుండి ఫార్సీ, ఉర్దూల గుండా మన తెలుగులోకి వచ్చి స్థిరపడినది. అరబీలో హఖ్ అంటే సత్యం అనీ, ఒకరికి న్యాయంగా చెందవలసినది అనీ రెండర్థాలు కలవు. పత్తాలో, పహాణీలో, కోర్టు కాగితంలో, కూలీల సమ్మెలో, అన్నిచోట్లా వినబడే ఈ మాటను నమ్ముకొని రెండు దేశాల విప్లవాల్లో పాలుపంచుకున్న ఒక మనిషి జీవితాన్ని ఈ సావనీరు పాఠకుల ముందుంచాలని మేము అనుకున్నాము. ఆయన మన మతం వాడు కాదు, మన దేశం వాడు కాదు. నవాబు కాదు, పండితుడు కాదు. ఒక దర్జీ కొడుకు. పేరు థామస్ పెయిన్.

1737 సంవత్సరం మొదట్లో ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఆయన జన్మించినారు. తండ్రి స్త్రీలు గౌను లోపల ధరించే బిగుతు బాడీలు కుట్టేవాడు. వాటిలో తిమింగలం ఎముక బద్దలు దూర్చి కుట్టడం కష్టమైన పని, లాభం మాత్రం తక్కువ. తండ్రి క్వేకర్ శాఖకు చెందినవాడు. పాదరీలూ, పెద్దా చిన్నా తేడాలూ లేని శాఖ అది. పదమూడేళ్లకే చదువు ఆగిపోయి కుర్రవాడు తండ్రి దుకాణంలో సూది పట్టినాడు. తరువాత కొన్నాళ్లు ఓడ మీద పని చేశాడు, సొంత దుకాణం పెట్టాడు, అది నడవలేదు. పెళ్లయిన ఏడాది లోపే భార్య చనిపోయింది.

ఆ మీదట సర్కారు ఎక్సైజు శాఖలో చిన్న నౌకరీ దొరికింది. ఏడాదికి యాభై పౌండ్ల జీతం. అందులోనే గుర్రం ఖర్చు కూడా పోవాలి. కడుపు నిండని ఉద్యోగి లంచానికి లొంగితే తప్పు అతనిది మాత్రమే కాదు, అంత తక్కువ జీతమిచ్చే సర్కారుది కూడా అని వాదిస్తూ 1772లో తోటి ఉద్యోగుల తరఫున పార్లమెంటుకు ఒక విన్నపం రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1774లో ఉన్న నౌకరీ కాస్తా ఊడింది. ఇంట్లో సామాను వేలానికి పోయింది. రెండో భార్యతో కాపురం కూడా విడిపోయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. లోకం లెక్కలో అది పూర్తిగా ఓడిపోయిన బతుకు.

అప్పుడు లండనులో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే పెద్దమనిషి ఆయనలోని తెలివిని గుర్తించి, ఒక సిఫారసు ఉత్తరం చేతికిచ్చి అమెరికా పంపినాడు. 1774 నవంబరు 30న ఓడ ఫిలడెల్ఫియా చేరేసరికి పెయిన్ జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నారు. మనుషులు మోసుకొని ఒడ్డుకు దించవలసి వచ్చింది. కోలుకున్నాక అక్కడి ఒక మాసపత్రికకు సంపాదకుడైనారు. 1775లో ఆ పత్రికలో మన బెంగాలును దోచిన రాబర్ట్ క్లైవు జీవితం, మరణం మీద కటువైన వ్యాసం ఒకటి అచ్చయింది.

ఇక్కడ ఆనాటి ఆలోచనల సంగతి కొంచెం చెప్పాలి. మనిషికి అఖ్ల్ ఉన్నది, దానితో మంచి చెడ్డ తేల్చుకోగలడు. ప్రాణం, స్వేచ్ఛ రాజు పెట్టిన భిక్ష కాదు, పుట్టుకతో వచ్చినవి. ప్రజలు ఒప్పుకుంటేనే ప్రభుత్వానికి అధికారం. ఇలాంటి మాటలు ఇంగ్లండులో జాన్ లాకు దాదాపు నూరేళ్ల ముందే రాసి ఉన్నాడు. ఫ్రాన్సులో వోల్టేరు, రూసో తమ తమ పద్ధతిలో రాశారు. కాని ఆ గ్రంథాలు చదువుకున్నవారి బీరువాల్లో ఉండేవి. కమ్మరివాడికీ, బండివాడికీ చేరలేదు. అమెరికాలోని పదమూడు వలసలు పన్నుల విషయంలో లండనుతో కొట్లాడుతూ ఉన్నప్పటికీ, 1775లో తుపాకులు పేలిన తరువాత కూడా చాలామంది రాజుగారితో రాజీ కుదురుతుందనే ఆశతో ఉండినారు. తప్పంతా మంత్రులది, రాజు మంచివాడే అనుకునేవారు.

1776 జనవరిలో పెయిన్ పేరు లేకుండా 'కామన్ సెన్స్' అనే చిన్న పుస్తకం వెలువరించినారు. ఇంగితజ్ఞానం అని దాని అర్థం. ఆయన నేరుగా రాజరికం మీదే ప్రశ్న వేశారు. ఫలానా ఇంట్లో పుట్టినంత మాత్రాన లక్షల మందిని ఏలే అధికారం ఒకడికి ఎట్లా వస్తుంది? తండ్రి తెలివి కొడుక్కు వారసత్వంగా రాదు గదా, రాజ్యం మాత్రం ఎందుకు రావాలి? ఈ ప్రశ్నలు ఆయన లాటిను ముక్కలతో అడగలేదు. దుకాణంలో, ఓడ మీద తాను విన్న భాషలో అడిగారు. చదువు రానివారికి చదువు వచ్చినవారు సత్రాల్లో, బజారుల్లో చదివి వినిపించినారు. ఆ ఒక్క ఏడాదే ఎన్నో ముద్రణలు పడ్డాయి. ఆరు నెలలు తిరక్కుండా, జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది. ఒక పుస్తకం వల్లనే ఇదంతా జరిగిందని మేము అనము. కాని రాజు అనే భయాన్ని సామాన్యుల మనసులో నుంచి తీసివేసినది ఆ పుస్తకమే. తన వంతు లాభాన్ని పెయిన్ చలిలో పోరాడే సిపాయీల చేతి తొడుగుల కోసం ఇచ్చివేశారు.

అదే ఏడు డిసెంబరులో వాషింగ్టన్ సైన్యం ఓటమి మీద ఓటమి తిని చెదిరిపోతున్నది. పెయిన్ కూడా ఆ సైన్యం వెంట నడిచినవారే. అప్పుడు ఆయన రాసిన కరపత్రాన్ని సిపాయీలకు చదివి వినిపించినారు. క్రిస్మసు రాత్రి వారు గడ్డకట్టే డెలావేర్ నది దాటి ట్రెంటన్ వద్ద గెలిచినారు.

మనుషులందరూ సమానులని ప్రకటించిన ఆ దేశంలోనే లక్షలాది నల్లవారు గులాములుగా బతికారు. ప్రకటన రాసిన జెఫర్సన్‌కే గులాములు ఉండేవారు. ఆ విప్లవం మీద ఈ మచ్చ చిన్నది కాదు. 1780లో పెన్సిల్వేనియా రాష్ట్రం గులాంగిరీని క్రమంగా తొలగించే చట్టం చేసినప్పుడు ఆ శాసనసభకు గుమాస్తాగా ఉన్నవారు పెయిన్.

1787లో ఆయన తిరిగి ఐరోపా వెళ్లారు. రెండేళ్లకు ఫ్రెంచి విప్లవం వచ్చింది. దాన్ని తిడుతూ ఎడ్మండ్ బర్కు పుస్తకం రాస్తే, జవాబుగా పెయిన్ 1791లో ఒక భాగం, 1792లో రెండవ భాగం 'రైట్స్ ఆఫ్ మ్యాన్' అంటే మానవ హక్కులు అనే గ్రంథం రాశారు. రెండవ భాగంలో బీదల లెక్క వేశారు. బీద కుటుంబంలో పద్నాలుగేళ్ల లోపు ప్రతి బిడ్డకూ ఏడాదికి నాలుగు పౌండ్లు ఇవ్వాలి, ఆ బిడ్డను బడికి పంపాలి. యాభై దాటిన బీద ముసలివారికి ఆరు పౌండ్లు, అరవై దాటితే పది పౌండ్లు. ఇది ఖైరాతు కాదు, జీవితమంతా పన్నులు కట్టినవారి హక్కు అని స్పష్టంగా రాశారు. ఇంగ్లండు సర్కారు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టింది. పుస్తకం అమ్మినవారిని జైల్లో వేసింది. ఆయన ఫ్రాన్సు చేరుకోగా, లేని మనిషి మీదనే 1792 డిసెంబరులో విచారణ జరిపి దోషి అని తేల్చినారు.

ఫ్రాన్సు ప్రజలు ఆయనను తమ జాతీయ సభకు ఎన్నుకున్నారు. ఫ్రెంచి మాట్లాడలేని సభ్యుడు ఆయన. రాజు పదహారవ లూయీని చంపాలా వద్దా అని సభలో ఓటింగు వచ్చింది. జీవితమంతా రాజులను వ్యతిరేకించిన పెయిన్ ఏం చేయాలి? రాజరికాన్ని చంపండి, మనిషిని చంపకండి, అమెరికాకు పంపివేయండి అని ఆయన వాదించినారు. మారా అనే నాయకుడు కోపంతో అడ్డు తగిలాడు. పెయిన్ ఓడిపోయారు. 1793 జనవరి 21న రాజు తల తెగింది. ఆ ఏడాది చివర పెయిన్‌ను కూడా ఖైదు చేసినారు.

మా దృష్టిలో ఆయన జీవితంలో అన్నింటికన్నా గొప్ప ఘడియ అదే. మనవాళ్ల కోసం హక్కు అడగడం ఎవరికైనా వస్తుంది. ఎదుటివాడి కోసం, అదీ తాను ఓడించిన దుష్మను కోసం, ప్రాణం మీదికి తెచ్చుకొని అడిగినప్పుడే అది ఇన్సాఫ్ అవుతుంది. లేకపోతే అది మన జమాతు కోసం చేసే వకాల్తా మాత్రమే.

లక్సెంబర్గ్ జైలులో ఆయన పది నెలలకు పైగా ఉన్నారు. చావవలసినవారి గది తలుపు మీద సుద్దతో గుర్తు వేసేవారట. ఆయన గది తలుపు బయటకు బార్లా తెరిచి ఉండగా గుర్తు లోపలి వైపు పడిందనీ, రాత్రి తలుపు మూసేసరికి అది కనబడక తాను బతికాననీ ఆయనే తరువాత రాసుకున్నారు. ఇంతలో భయోత్పాతం నడిపిన రొబెస్పియర్ పతనమైనాడు. 1794 నవంబరులో పెయిన్ విడుదలైనారు.

ఆ రోజుల్లోనే ఆయన 'ఏజ్ ఆఫ్ రీజన్' అనే పుస్తకం రాశారు. దేవుడు ఒక్కడే అన్న నమ్మకాన్ని అందులో మొదట్లోనే చెప్పి, దైవగ్రంథాలను మాత్రం ఒప్పుకోనన్నారు. వహీ విషయంలో ఆయన మాటలు మేము ఒప్పుకోము, ఏ ముస్లిమూ ఒప్పుకోడు. అయినా ఒక మనిషితో దీన్ విషయంలో భేదం ఉన్నంత మాత్రాన అతడు లోకానికి చేసిన మేలును కాదనడం న్యాయం కాదు.

1797లో వచ్చిన 'అగ్రేరియన్ జస్టిస్' అనే చిన్న పుస్తకం మన వెల్ఫేరు సంఘాల వారు తప్పక తెలుసుకోవాలి. భూమి మొదట అందరిదీ. దున్ని బాగుచేసినవాడికి ఆ బాగుచేసినంత మేరకే సొంతం. అందుచేత భూమి గలవాడు మిగతావారికి బాకీ ఉన్నాడు. వారసత్వంగా వచ్చే ఆస్తి నుంచి పదోవంతు తీసి నిధి పెట్టి, ఇరవై ఒక్కటి నిండిన ప్రతి ఒక్కరికీ పదిహేను పౌండ్లు, యాభై నిండినవారికి ఏటా పది పౌండ్లు ఇవ్వాలన్నారు. ఆడా మగా తేడా లేదు. ఇది చదివితే మనకు జకాతు గుర్తుకు రాక మానదు. రెండూ ఒకటి కావు. జకాతు ఇబాదతు, ఆయన చెప్పినది సర్కారు పన్ను. కాని ధనవంతుని సొమ్ములో బీదవానికి హక్కు ఉన్నదన్న మాట రెండింటిలోనూ ఉన్నది.

1802లో అమెరికా తిరిగి వస్తే 'ఏజ్ ఆఫ్ రీజన్' రాసినందుకు జనం ముఖం తిప్పుకున్నారు. 1806లో నువ్వు ఈ దేశం పౌరుడివే కాదని ఓటు కూడా వేయనివ్వలేదు. ఆ దేశం పుట్టడానికి కలం పట్టినవాడికి ఆ దేశంలో ఓటు లేదు! 1809 జూన్ 8న న్యూయార్కులో మరణించినారు. ఖననానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే వచ్చారు. పదేళ్లకు ఒక అభిమాని ఎముకలు తవ్వి ఇంగ్లండు తీసుకుపోయాడు. తరువాత అవి ఏమైనవో తెలియలేదు. ఆయనకు నేడు సమాధి లేదు.

మనిషి పోయినా మాట మాత్రం పోలేదు. పూనాలో తోటమాలి కులానికి చెందిన ఒక కుర్రవాడి చదువు తండ్రి మాన్పించగా, గఫ్ఫార్ బేగ్ మున్షీ అనే ఉర్దూ ఫార్సీ ఉపాధ్యాయుడు, ఒక క్రైస్తవ పెద్దమనిషి కలిసి తండ్రికి నచ్చజెప్పి మళ్లీ బడికి పంపించినారు. ఆ కుర్రవాడే జ్యోతిరావు ఫూలే. 1847లో ఆయన చేతికి పెయిన్ రాసిన మానవ హక్కుల గ్రంథం వచ్చింది. మరుసటి ఏడాదే పూనాలో ఆడపిల్లల బడి తెరిచారు. మున్షీగారు ఆనాడు ఆ గడప తొక్కకపోయి ఉంటే ఆ పుస్తకం ఎవరు చదివేవారు?

ప్రతి సంవత్సరం మన సంఘాలు బీద పిల్లలకు పుస్తకాలు, ఫీజులు, వితంతువులకు కుట్టుమిషన్లు ఇస్తున్నవి. చాలా మంచి పని. కాని ఆ పిల్లను స్టేజీ ఎక్కించి, దండ వేసుకున్న పెద్దల మధ్య తల వంచుకొని నిలబెట్టి ఫోటో తీయడం ఎంతవరకు అవసరమో పెద్దలు ఆలోచించాలి. ఆ కవరులో ఉన్నది ఆమె హక్కే గనుక, దాన్ని ఆమె ఇంటికి పోయి అందించి, ఆలస్యమైనందుకు మనమే మాఫీ అడగడం బాగుంటుందని మా మనవి.