జాన్ బాయిడ్ డన్‌లప్

మోటారు కారు బరువును రబ్బరు మోయుచున్నదని మనము తలంతుము. నిజమునకు దానిని మోయునది రబ్బరులోని గాలియే. ఆ గాలి టైరును లోకమునకు వాడుకలోనికి తెచ్చినవాడు డన్‌లప్.

ఈయన 1840లో స్కాట్లండునందలి డ్రెగ్‌హార్న్ గ్రామమున జన్మించెను. పశువైద్యుడై బెల్‌ఫాస్టు నగరమున స్థిరపడెను. తన కుమారుని మూడు చక్రముల బండి గట్టి రబ్బరు పట్టీలతో కుదుపులు పెట్టుట చూచి, 1887లో రబ్బరు గొట్టమును చెక్క చక్రమునకు చుట్టి గాలి నింపెను. పాత చక్రమును, దీనిని దొర్లించి చూడగా పాతది నడుమనే ఆగెను; క్రొత్తది ఆవలి ద్వారస్తంభమును తాకెను. 1888లో పేటెంటు లభించెను. మరుసటి ఏడు విల్లీ హ్యూమ్ ఈ టైర్లతో బెల్‌ఫాస్టు సైకిలు పందెములలో గెలిచెను.

అయితే రాబర్ట్ థామ్సన్ అను మరియొక స్కాట్లండు వాసి 1845లోనే ఇట్టి చక్రమునకు పేటెంటు పొందియుండెనని తరువాత తేలెను. డన్‌లప్ హక్కు చెల్లకపోయెను. ఆయన పేరుతో సంస్థ పెరిగినను ఆయనకు గొప్ప సంపద దక్కలేదు. 1921లో డబ్లిన్ నగరమున మరణించెను.

బిడ్డ సుఖమునకై పుట్టిన ఆ గాలిని మనము ఉపేక్షింపరాదు. నెలకొకసారి, టైరు చల్లగా నున్నపుడు గాలిని కొలువవలెను. గాలి తగ్గినచో టైరు రెండంచులును, హెచ్చినచో నడిమి భాగమును అరుగును. ఒక్క అంచే అరుగుచున్నచో చక్రముల వరుస తప్పియుండవచ్చునని గ్రహించి సరిచేయింపవలెను. సైకిలుకు గాలి కొట్టు బాలురకును ఈ జాగ్రత్త తగినదే.