కణం వేసే దండోరా

భద్రాచలం ఏజెన్సీ పల్లెల నుంచి మా దగ్గరికి పచ్చకామెర్లతో వచ్చేవారిలో కొందరు అప్పటికే వారాల తరబడి పసరు తాగి ఉంటారు. కళ్లు పచ్చబడక ముందే జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయంటారు. వైరస్‌ను గుర్తించిన మన కణాలు పంపుకునే హెచ్చరికల వల్ల కూడా అవి వస్తాయి. అలాంటి హెచ్చరిక ఒకదాన్ని పట్టుకుని పేరు పెట్టిన డాక్టరే అలిక్ ఐజాక్స్.

ఆయన 1921లో గ్లాస్గోలో పుట్టి, అక్కడే వైద్యం చదివారు. 1957లో లండన్‌లో జీన్ లిండెన్‌మన్‌తో కలిసి, వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు పొరలకు తగిలించారు. ఆ కణాలు ఒక పదార్థాన్ని వదిలాయి. అది అందిన కొత్త కణాల్లో బతికున్న వైరస్ పెరగలేకపోయింది. ఊరి పొలిమేరలో పులి జాడ కనిపిస్తే దండోరా వేసినట్టన్నమాట! దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. అది శుద్ధమైన మందుగా మారడం చూడకుండానే 1967లో, 45 ఏళ్లకే ఐజాక్స్ కన్నుమూశారు.

1990లలో అదే ఇంటర్‌ఫెరాన్ హెపటైటిస్ బి, సి రోగులకు ఇంజెక్షన్ అయింది. ఇప్పుడు సి నయం కావడానికి మాత్రలున్నాయి. బి వైరస్ మాత్రం ఈ దండోరా పెద్దగా మోగనివ్వకుండా కాలేయంలో దూరుతుంది. పుట్టినప్పుడే సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి దీర్ఘకాలం ఉండిపోతుంది.

అందుకే, కాన్పు ఇంట్లో జరిగినా సరే, బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కళ్లు పచ్చబడితే పసరు కోసం తిరగకండి, రక్తపరీక్షకు రండి.