పల్లె బాలుర నడుమ టాల్‌స్టాయి

రష్యా దేశమున మాస్కో నగరమునకు దక్షిణముగా, తూలా పట్టణమునకు చేరువలో యాస్నయా పోల్యానా యను పల్లె కలదు. 1828వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన ఆ పల్లెలోని ప్రభువంశమున లియో టాల్‌స్టాయి జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లిని, తొమ్మిదవ యేట తండ్రిని కోల్పోయి ఆయన బంధువుల పోషణలో పెరిగెను. కజాన్ విశ్వవిద్యాలయమున చేరెను గాని పట్టము పొందకయే 1847లో ఇల్లు చేరెను. పిమ్మట సైన్యమున ప్రవేశించి క్రిమియా యుద్ధమున పాల్గొనెను. 1852లో వెలువడిన ‘బాల్యము’ ఆయనకు రచయితగా పేరు తెచ్చెను. తరువాతి కాలమున వ్రాసిన ‘యుద్ధము-శాంతి’, ‘అన్నా కరేనినా’ యను నవలలు ఆయన కీర్తిని లోకమంతట వ్యాపింపజేసెను. మన గాంధీమహాత్ముడు ఆయనను గురుతుల్యునిగా భావించెను. అట్టి మహారచయిత పల్లె పిల్లల నడుమ కూర్చుండి వారికి రచన నేర్పిన వృత్తాంతము తెలిసికొనదగినది.

ఆనాడు రష్యా రైతులలో పెక్కురు భూస్వాములకు కట్టుబానిసలుగా నుండిరి. వారి దాస్యమును తొలగించు శాసనము 1861లో గాని వెలువడలేదు. వారి బిడ్డలలో అక్షరము లెరిగినవారు మిక్కిలి అరుదు. టాల్‌స్టాయి 1859లో తన గ్రామముననే వారికొక పాఠశాల స్థాపించెను. వారియొద్ద జీతము పుచ్చుకొనలేదు. 1860, 1861 సంవత్సరములలో జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములకేగి అచ్చటి పాఠశాలలను పరిశీలించెను. పిల్లలు భయముతో ముడుచుకొని కూర్చుండి పాఠములు వల్లించు తీరు ఆయనకు రుచింపలేదు. ఆయన బడిలో పేరు వ్రాయించుకొన్నవారు సుమారు 40 మంది. ఉదయము 8 గంటలకు గంట మ్రోగగానే వారు వట్టి చేతులతో వచ్చి, తమకు నచ్చిన చోట కూర్చుండెడివారు. ఇంటికడ చేయవలసిన పని యేదియు నుండెడిది కాదు. దండనమువలన విద్య రాదని ఆయన మతము.

అట్టి స్వేచ్ఛగల బడిలో సైతము మొదట రచన సాగలేదు. రొట్టెను గూర్చియో, ఇంటిని గూర్చియో, చెట్టును గూర్చియో వ్రాయుడని చెప్పినంతనే పిల్లలకు కంట నీరు తిరిగెడిది. అనుదినము చూచు వస్తువును గూర్చి ఎవరికి, ఏల చెప్పవలయునో వారికి బోధపడలేదు. అదే, తాము కన్న యొక సంఘటనను వ్రాయుమన్నచో వారు ఉత్సాహముతో పూనుకొనెడివారు. ఈ భేదము టాల్‌స్టాయిని ఆలోచింపజేసెను.

ఒకనాడు ఆయన రష్యా సామెతలలో నొకదానిని తీసికొని దానిపై కథ వ్రాయుడని పిల్లలను కోరెను. గరిటెతో అన్నము పెట్టుచునే దాని కాడతో కన్ను పొడుచు దాతను గూర్చిన సామెత యది. అది తమవలన కాదనియు, ఆయననే వ్రాయుమనియు పిల్లలు పలికిరి. ఆయన కాగితము తీసికొని, ఒక రైతు బిచ్చగానిని ఇంట నుంచుకొని, పిదప చేసిన మేలును ఎత్తిపొడిచినట్లు వ్రాయ నారంభించెను. పిల్లలు బల్లచుట్టు మూగిరి. ఇది ఇట్లుండరాదు, అట్లుండవలెనని తప్పులు పట్టిరి. క్రమముగా కథ వారి చేతులలోనికి పోయెను. లోకవిఖ్యాతుడు కానున్న రచయిత వారు చెప్పినది వ్రాయు లేఖకు డయ్యెను.

వారిలో స్యోమ్కా, ఫెద్కా అను నిరువురు ముఖ్యులు. స్యోమ్కా దృశ్యమును కన్నులకు గట్టినట్లు వర్ణించెడివాడు. ఫెద్కా యే మాట యెంతవర కుండవలెనో ఎరిగినవాడు. కథలో పిలుపందుకొని పరుగున వచ్చు ఆప్తుడొకడు ఆడువారి చర్మపుకోటు తొడిగికొని వచ్చెనని ఫెద్కా చెప్పెను. మగవారి కోటు ఏల కారాదని టాల్‌స్టాయి అడుగగా, ఇదియే బాగుండునని అతడు పట్టుపట్టెను. తొందరలో చేతికందినది తొడిగికొన్న ఆ బక్క రైతు, అతని పేదయిల్లు, ఆ సాయంసమయము ఆ యొక్క మాటతో ఆయన కన్నులయెదుట నిలిచెను. రాత్రి 7 గంటలకు మొదలైన పని 11 గంటల వరకు సాగెను. ఆకలి, అలసట ఎవరికిని తోపలేదు. ఆ రాత్రి టాల్‌స్టాయికి కలిగిన ఆనందమునకును, కలవరమునకును మేర లేకుండెను.

అంతలో నొక విఘ్నము వచ్చెను. బడిలో కాగితములతో టపాకాయలు చేయు ఆట ప్రబలియుండగా, కథ వ్రాసిన కాగితము లాటలో నలిగి, పొయ్యిపాలయ్యెను. టాల్‌స్టాయి ఎంతయో దుఃఖించెను. అది చూచి ఫెద్కా, స్యోమ్కాలు తామే మరల వ్రాసెదమని ముందుకు వచ్చిరి. ఒక రాత్రి 9 గంటలకు ఆయన యింటికేగి, వ్రాతగదిలో తలుపు బిగించికొని, నడిరేయి వరకు వ్రాసిరి. ఆ కథ 1862లో టాల్‌స్టాయి నడపిన ‘యాస్నయా పోల్యానా’ పత్రికతోపాటు వెలువడెను.

ఈ యనుభవమునుండి ఆయన కొన్ని నియమముల నేర్పరచెను. పిల్లలకు పెక్కు విషయములు చూపవలెను. అవి గురువునకే ఆసక్తి గొల్పునవై యుండవలెను. తోడిబాలురు వ్రాసిన వానినే మాదిరిగా నీయవలెను. రచనను పరిశీలించునపుడు దస్తూరిని గూర్చియు, అక్షరదోషములను గూర్చియు మాటాడరాదు. భావము నెన్నుకొనుట, మాటలు కూర్చుట, చెప్పినది గుర్తుంచుకొనుట, కాగితముపై నెక్కించుట యను పనులన్నియు బాలునికి ఒక్కసారి భారమగును గనుక, మొదట గురువు కొన్నింటిని తానే మోసి, క్రమముగా శిష్యునకు అప్పగింపవలెను.

1862 జూలైలో, టాల్‌స్టాయి ఊర లేనివేళ, ప్రభుత్వ రక్షకభటులు రహస్య ముద్రణాలయము కలదను అనుమానముతో ఆయన యింటిని, బడిని రెండు దినములు సోదా చేసిరి. ఏమియు దొరకలేదు. కాని ఆయన మనస్సు విరిగెను. కొలదికాలమునకే ఆ బడి మూతపడెను. అయినను బాలురను ఆయన మరువలేదు. 1872లో పిల్లలకై అక్షరపాఠ గ్రంథమును రచించి, మరల పల్లె బిడ్డలను చేరదీసెను. 1910 నవంబరు 20వ తేదీన అస్తాపొవొ రైలుస్టేషనులో కన్నుమూసెను. యాస్నయా పోల్యానాలోని ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి సైతము లేదు.

వ్రాయదలచిన బాలుడు తాను చూచినదానిని, తాను నమ్మినదానిని ముందుగా నిజముగా చెప్పుట నేర్వవలెను. దోషములను పిదప దిద్దుకొనవచ్చును. చర్మపుకోటు మాటను విడువని ఫెద్కాయు, ఆ మాటకు తలయొగ్గిన టాల్‌స్టాయియు మనకు తెలిపిన సత్యమిదియే.