ఎర్రమాత్ర వెనుక మన ఎల్లాప్రగడ

నూజివీడు చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా గర్భిణి ఉన్న ఇంట్లో ఎర్రమాత్రల షీట్ ఒకటి కనిపిస్తుంది. ఐరన్ మాత్ర అనే అంటాం గానీ, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన ఆయన మెట్రిక్ గట్టెక్కింది మూడోసారికి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కోపం తెప్పించారు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తం లేక మనిషి కృశించిపోయే జబ్బది. ఆయనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ జబ్బుకు పనికొచ్చే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటని తర్వాత తేలింది.

తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేశారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అంతకు దాదాపు పదేళ్ల ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, గర్భిణుల్లో ఒకరకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని గమనించారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1945లో సుబ్బారావు బృందం ఆ పదార్థాన్ని తయారుచేసి చూపించింది.

కథ అక్కడితో ఆగలేదు. అదే అణువును కాస్త మార్చి, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే ఎమినోప్టెరిన్‌ను కూడా వాళ్లే చేశారు. దాంతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను కొంతకాలమైనా అదుపు చేయగలిగారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందే కణాలను ఇది ఆపుతుంది. కడుపులోని బిడ్డ కణాలకంటే వేగంగా పెరిగేవేముంటాయి? అందుకే అది గర్భం పోవడానికీ, పుర్రె, కాళ్లూచేతుల లోపాలకూ దారితీస్తుంది. కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో వారానికోసారి ఈ మాత్ర వేసుకునే అమ్మాయిలు మన మధ్య చాలామందే ఉన్నారు. పెళ్లి కుదిరినప్పుడు ఈ మాట డాక్టర్‌కు చెప్పడానికి ఇంట్లోవాళ్లు మొహమాటపడతారు. పిల్లల కోసం అనుకున్నప్పుడు, కొన్ని నెలల ముందే డాక్టర్ సలహాతో దాన్ని ఆపి, వేరే మందుకు మారాలి.

సిగరెట్, చుట్ట సంగతీ ఇక్కడే చెప్పాలి. పొగ తాగేవారి రక్తంలో ఫోలేట్ తక్కువగా ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుట్టొచ్చు. మా ఆవిడ తాగదుగా అనే భర్తలకు ఒక మాట: వరండాలో మీరు వదిలే పొగ కూడా ఆమె లోపలికే పోతుంది.

ఇక మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదు. ఎర్రమాత్ర చేతికొచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే కావాలి. మన రసాల్లోనూ ఫోలేట్ ఉంది గానీ, మామిడిపండు మాత్రకు బదులు కాదు.

అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ఎక్కువ మోతాదులో ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ ఆ లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. సుబ్బారావు 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకే, స్వదేశం మళ్లీ చూడకుండా అమెరికాలో కన్నుమూశారు.