రెండేళ్ల కొలువు.. ఎనభయ్యేళ్ల గిటార్

1939 ఆగస్టు 16. అమెరికాలోని లాస్ ఏంజెలెస్. చార్లీ క్రిస్టియన్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు ఉద్యోగం కోసం ఓక్లహోమా నుంచి అంత దూరం వచ్చాడు. ఎంపిక చేయాల్సిన వ్యక్తి బెన్నీ గుడ్‌మన్. ఆ రోజుల్లో స్వింగ్ సంగీతానికి రాజుగా దేశమంతా పేరున్న క్లారినెట్ విద్వాంసుడు. ఆయన ఈ కుర్రాడి గిటార్ కాసేపు విన్నాడు. పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత కబురు చేస్తాం అన్న రకం ఇంటర్వ్యూ అది. మనలో చాలామందికి బాగా తెలిసిన రకమే.

అదే రోజు రాత్రి అదే గుడ్‌మన్ ఆ కుర్రాడితో కలిసి ఒకే పాటను నలభై నిమిషాలకు పైగా వాయించాడు. ఉద్యోగం ఖాయమైపోయింది. పొద్దున పనికిరానివాడు రాత్రికి ఎలా పనికొచ్చాడు? ఆ ఒక్క రోజులో క్రిస్టియన్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. అతను ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్నది ఎదుటివాళ్ల చెవిన పడింది, అంతే.

వద్దన్న శాక్సోఫోన్

చార్లీ క్రిస్టియన్ 1916 జులై 29న టెక్సస్ రాష్ట్రంలోని బొన్హామ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం ఓక్లహోమా సిటీకి మారింది. నల్లజాతి కుటుంబం, చేతిలో డబ్బు లేదు. జ్వరం వచ్చి తండ్రికి చూపు పోయింది. ఆయన కొడుకులకు సంగీతం నేర్పి, వాళ్లను వెంటబెట్టుకుని వీధుల్లో వాయించి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. చార్లీ మొదట్లో ఆ పాటలకు డ్యాన్స్ చేసేవాడు, తర్వాత గిటార్ పట్టుకున్నాడు. పన్నెండేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. ఆస్తి కింద దక్కినవి ఆయన వాయిద్యాలే.

బడిలో సిగార్ పెట్టెలతో గిటార్లు తయారు చేసి వాయించేవాడని అదే ఊరివాడైన ప్రసిద్ధ నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ తర్వాతి రోజుల్లో రాశాడు. బడి బ్యాండులో చార్లీ టెనర్ శాక్సోఫోన్ అడిగాడు. టీచరమ్మ ట్రంపెట్ తీసుకోమంది. అతను ఒప్పుకోలేదు. బ్యాండు మానేసి బేస్‌బాల్ ఆడుకున్నాడు.

ఆ శాక్సోఫోన్ కోరిక మాత్రం పోలేదు. లెస్టర్ యంగ్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడి వాదన అతనికి ప్రాణం. చేతిలో ఉన్నదేమో గిటార్. ఆ శాక్సోఫోన్‌లా ఈ గిటార్‌ని పలికించాలి. అతని జీవితం మొత్తం ఈ ఒక్క ప్రాజెక్టే అనుకోవచ్చు.

వినబడని వాయిద్యం

ఇక్కడ ఒక ఇంజినీరింగ్ సమస్య ఉంది. మన కంకిపాడు కల్యాణ మండపాల్లో సన్నాయి, డోలు మోగుతుంటే పక్కన మైకు లేకుండా ఒకాయన వీణ వాయిస్తున్నాడనుకోండి. ఎవరికి వినిపిస్తుంది? అప్పటి జాజ్ బ్యాండుల్లో గిటార్ పరిస్థితి అదే. పద్నాలుగు, పదిహేను మంది ఉండే పెద్ద బృందాల్లో ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్స్ హోరెత్తుతుంటే గిటార్ వాయించేవాడు వెనక కూర్చుని తాళం తప్పకుండా తీగలు దువ్వుతూ ఉండాలి. ఉన్నాడని తోటి కళాకారులకు తెలుసు. శ్రోతలకు తెలియదు.

1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. పేరులోని అంకె సుమారుగా దాని ధరే. యాంప్లిఫైయర్‌తో కలిపి దాదాపు 150 డాలర్లు. పనిచేసే తీరు మీరు ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే. తీగల కింద ఒక అయస్కాంతం, దానికి సంబంధించిన రాగి తీగ చుట్ట. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. దాన్ని యాంప్లిఫైయర్ పెంచి స్పీకర్‌కి పంపుతుంది. ఈ భాగాన్ని పికప్ అంటారు. ఆ రకం పికప్‌ని గిటార్ ప్రపంచం ఇప్పటికీ చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తోంది. దాన్ని కనిపెట్టింది అతను కాదు. అసలు ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన మొదటివాడు కూడా అతను కాదు.

మరి అతను చేసిందేంటి? చాలామందికి ఎలక్ట్రిక్ గిటార్ అంటే అదే గిటార్, కాస్త ఎక్కువ శబ్దం. క్రిస్టియన్ దాన్ని వేరే వాయిద్యంగా చూశాడు. శబ్దం చాలినంత ఉంది కాబట్టి తీగలన్నీ కలిపి దువ్వాల్సిన అవసరం లేదు. ఒక్కో స్వరాన్నే పట్టుకుని, శాక్సోఫోన్‌లా పొడవాటి వాక్యాలు పలికించవచ్చు.

ఈ మాట మనకు కొత్తేం కాదు. మీటగానే నాదం ఆరిపోయే మాండొలిన్ కర్ణాటక గమకాలకు పనికిరాదని పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కచేరీలు చేసి ఒప్పించాడు. టూల్ అందరికీ దొరుకుతుంది. దాంతో ఇంతకుముందు కుదరని పని ఏది కుదురుతుందో చూసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. టెక్ బ్లాగు రాసేవాడిగా నేను రోజూ స్పెసిఫికేషన్లు చూస్తుంటాను. ఈ రెండో సంగతి ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ ఉండదు.

రెఫరల్, రెండో రౌండ్

ఓక్లహోమా సిటీలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో క్రిస్టియన్ పేరు అప్పటికే సంగీతకారుల నోట నానుతోంది. పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్ అతని గురించి జాన్ హామండ్‌కి చెప్పింది. హామండ్ రికార్డుల నిర్మాత, కొత్త ప్రతిభను వెతికి పట్టుకోవడంలో దిట్ట. ఓక్లహోమా వెళ్లి విన్నాడు. గుడ్‌మన్ దగ్గరికి పంపాడు. ఇవాళ్టి మాటల్లో ఇది పక్కా రెఫరల్. రెఫరల్ ఉన్నా మొదటి రౌండ్ పోయింది.

ఆ రాత్రి బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో రెస్టారెంట్‌లో గుడ్‌మన్ కచేరీ. విరామంలో హామండ్, బేస్ వాయించే ఆర్టీ బెర్న్‌స్టైన్ కలిసి క్రిస్టియన్ యాంప్లిఫైయర్‌ని చడీచప్పుడు లేకుండా వేదికెక్కించేశారు. గుడ్‌మన్ తిరిగొచ్చి చూస్తే పొద్దున పంపేసిన కుర్రాడు స్టేజీ మీద ఉన్నాడు. అందరి ముందూ దింపేయలేక రోజ్ రూమ్ అనే పాట ఎత్తుకున్నాడు. ఈ కుర్రాడికి అది రాకపోవచ్చని ఆయన లెక్క అంటారు. కానీ అది క్రిస్టియన్ కుర్రతనం నుంచీ ఓక్లహోమాలో వాయించి వాయించి అరగదీసిన పాట. తన వంతు వచ్చిన ప్రతిసారీ కొత్తగా వాయించాడు. గుడ్‌మన్ ఆపలేదు. మూడు నిమిషాల పాట నలభై నిమిషాలు దాటింది.

రాత్రికి రెండున్నర డాలర్లు సంపాదించే కుర్రాడి జీతం వారానికి 150 డాలర్లు అయిందని చెబుతారు. మరో సంగతి. అప్పటి అమెరికాలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే వేదికపై వాయించడమే అరుదు. గుడ్‌మన్ అప్పటికే నల్లజాతి కళాకారులైన టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్‌లను తన చిన్న బృందాల్లోకి తీసుకుని ఉన్నాడు. ఆ తలుపు తెరిచి ఉండబట్టే క్రిస్టియన్ లోపలికి రాగలిగాడు.

ఆరుగురు, మూడు నిమిషాలు

1939 సెప్టెంబర్ 1న ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. నెల తిరగ్గానే, అక్టోబర్ 2న గుడ్‌మన్ సెక్స్‌టెట్ తొలి రికార్డింగ్ జరిగింది. క్లారినెట్, వైబ్రాఫోన్, పియానో, బేస్, డ్రమ్స్, గిటార్. ఆరుగురే. ఫ్లయింగ్ హోమ్, రోజ్ రూమ్, స్టార్‌డస్ట్ ఆ రోజువే.

పెద్ద బ్యాండులో చాలావరకు ముందే కాగితం మీద రాసుకుంటారు. ఎవరి వాక్యం వాళ్లు చదువుతారు. చిన్న బృందంలో రాసింది తక్కువ, అప్పటికప్పుడు అల్లేది ఎక్కువ. మన కచేరీలో గాత్రం, వయొలిన్, మృదంగం మాట్లాడుకున్నట్టే. మనోధర్మానికి చోటుంటుంది. దాక్కోడానికి మాత్రం చోటుండదు.

పైగా టైమ్ లిమిట్. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అందులో క్రిస్టియన్ సోలోకి అర నిమిషం దక్కితే గొప్ప. ఆ అర నిమిషంలో అనవసరమైన స్వరం ఒక్కటి వినబడదు.

ఆ రికార్డుల్లో మన దేశం కూడా ఉంది. 78 రికార్డుల తయారీకి కావాల్సిన ముఖ్యమైన పదార్థం లక్క. ఏటికొప్పాక బొమ్మలకు రంగూ మెరుపూ ఇచ్చే లక్కే. ప్రపంచానికి అది ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేది. యుద్ధంతో సముద్ర రవాణా దెబ్బతింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకంపై కోత పెట్టింది. ఆగస్టులో సంగీతకారుల యూనియన్ రికార్డింగులనే నిలిపేసింది. ఆ సమ్మె రెండేళ్లకు పైగా సాగింది.

రికార్డు చేసినవాళ్లు

అందుకే అంతకు ముందు దొరికినవి అంత విలువైనవి. 1941 ఫిబ్రవరిలో క్లారినెట్ విద్వాంసుడు ఎడ్మండ్ హాల్‌తో బ్లూ నోట్ కంపెనీకి చేసిన రికార్డుల్లో నలుగురే. డ్రమ్స్ లేవు, క్రిస్టియన్ మామూలు గిటారే వాయించాడు. మార్చిలో ఒక సెషన్‌కి గుడ్‌మన్ ఇంకా రాలేదు. ఎదురుచూస్తూ కుర్రాళ్లు సరదాగా వాయించుకుంటున్నారు. పరికరాలు సరిచూసుకుంటున్న ఇంజినీర్లు దాన్నీ రికార్డు చేసేశారు. ఏళ్ల తర్వాత అది బయటికొచ్చింది. వెయిటింగ్ ఫర్ బెన్నీ పేరుతో ఇప్పుడు ఫోన్‌లోనే వినొచ్చు.

గుడ్‌మన్ కచేరీ అయ్యాక క్రిస్టియన్ న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటకు వెళ్లేవాడు. అక్కడ మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో తెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ లాంటి కుర్రాళ్లు రాత్రంతా కొత్త ప్రయోగాలు చేసేవారు. తర్వాతి కాలంలో బీబాప్ అని పేరు పడిన జాజ్ అక్కడే రూపు దిద్దుకుంది. జీతం లేదు, రికార్డు కంపెనీ లేదు. కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటున్న జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి మాత్రం డిస్క్ రికార్డర్ మోసుకొచ్చేవాడు. 1941 మేలో అతను పట్టుకున్న రికార్డింగుల్లో క్రిస్టియన్‌కి మూడు నిమిషాల గోడ లేదు. నిమిషాల తరబడి ఆలోచిస్తూ పోతుంటాడు. కంపెనీలకు తోచని పనిని ఒక కాలేజీ కుర్రాడు తన సరదా కొద్దీ చేశాడు.

ఆగిన చోటు

ఆ రాత్రుల వెనక ఒక దగ్గు ఉంది. క్రిస్టియన్‌కి క్షయ. 1940లోనే కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నాడు. కాస్త కోలుకోగానే మళ్లీ అదే పరుగు. సాయంత్రం గుడ్‌మన్ కొలువు, తెల్లవారుజాము దాకా మింటన్స్. 1941 వేసవిలో పర్యటనలో ఉండగా జబ్బు తిరగబెట్టింది. న్యూయార్క్‌లోని సీవ్యూ శానిటోరియంలో చేర్చారు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో అయినా, అక్కడైనా అప్పట్లో వైద్యమంటే ప్రధానంగా విశ్రాంతి, గాలి, మంచి తిండే. 1942 మార్చి 2న అతను చనిపోయాడు. వయసు పాతికేళ్లు. క్షయను చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ ఆ మరుసటి ఏడాదే, 1943లో దొరికింది.

సొంతూరు బొన్హామ్‌లో పాతిపెట్టారు. యాభై ఏళ్ల పాటు ఆ సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఈలోగా ప్రపంచంలోని ఎలక్ట్రిక్ గిటార్ అంతా అతని దారిలోనే నడిచింది. 1990లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని తొలితరం మార్గదర్శిగా చేర్చుకుంది.

ఈ భాగం హాస్టల్ గదుల్లో, కోచింగ్ రూముల్లో ఉన్నవాళ్ల కోసం. రాత్రిళ్లు మేలుకుని ప్రిపేరవడం గొప్పగా చెప్పుకుంటాం, దగ్గును సిరప్‌తో నెట్టేస్తాం. రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. క్షయ పరీక్ష, మందులు అక్కడ ఉచితం. అతనికి దొరకనివి మనకు దొరుకుతున్నాయి.

జాజ్ తెలియదని వెనకాడకండి. కంకిపాడులో బస్సెక్కి బెంజి సర్కిల్‌లో దిగేలోపు ఇవన్నీ వరసగా అయిపోతాయి. ముందు సెక్స్‌టెట్ రోజ్ రూమ్, ఆ తర్వాత వెయిటింగ్ ఫర్ బెన్నీ, చివర మింటన్స్‌లో రికార్డయిన స్వింగ్ టు బాప్. గరగర శబ్దం ఉంటుంది, అలవాటవుతుంది. మొదటిసారి మొత్తం వినండి. రెండోసారి గిటార్ ఒక్కటే పట్టుకోండి. ఎవరూ ఇవ్వని శాక్సోఫోన్‌ని ఆరు తీగల మీద పలికిస్తున్న కుర్రాడు వినిపిస్తాడు.