శామ్యూల్ జాన్సన్

శామ్యూల్ జాన్సన్ (సెప్టెంబరు 18, 1709 - డిసెంబరు 13, 1784) సుప్రసిద్ధ ఆంగ్ల నిఘంటుకారుడు, వ్యాసకర్త, కవి మరియు విమర్శకుడు. ఆంగ్ల సాహిత్య చరిత్రలో డాక్టర్ జాన్సన్ అన్న పేరుతోనే ఎక్కువగా ప్రసిద్ధుడు. 1755లో వెలువడిన ఇతని ఆంగ్ల భాషా నిఘంటువు ఒకటిన్నర శతాబ్దానికి పైగా ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. ఆంగ్ల భాష ఇక మారకుండా దానికి కట్టుబాటు చేయాలన్న ఉద్దేశంతో ఈ పనికి పూనుకొన్న జాన్సన్, అది ఎవరి వల్లా అయ్యే పని కాదని గ్రంథం ముగిసేనాటికి తెలుసుకొన్నాడు. ఆ సంగతిని తన పీఠికలో దాచకుండా వ్రాశాడు.

బాల్యము, విద్యాభ్యాసము

జాన్సన్ ఇంగ్లాండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ పుస్తకాల వ్యాపారి, తల్లి సారా. పసితనంలోనే గండమాల వ్యాధి సోకి, ఒక కన్ను దాదాపు చూపు కోల్పోయింది. ముఖాన మచ్చలు మిగిలాయి. రాజు లేక రాణి చేతి స్పర్శతో ఈ వ్యాధి నయమవుతుందని ఆ కాలంలో నమ్మేవారు. అందుచేత 1712లో తల్లి ఇతనిని లండనుకు తీసుకువెళ్ళి ఆన్ రాణి చేత తాకించింది. గుణమేమీ కనిపించలేదు. తలను, చేతులను అసంకల్పితంగా కదిలించే అలవాటు ఇతనికి జీవితాంతం ఉండేది. అది టూరెట్ వ్యాధి లక్షణమని నేటి వైద్యులు పలువురు భావిస్తున్నారు.

తండ్రి దుకాణంలోని పుస్తకాలే ఇతని అసలు పాఠశాల అనవచ్చు. 1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చేరినా, డబ్బు లేక పదమూడు నెలలకే చదువు మానుకోవలసి వచ్చింది. చిరిగిన బూట్లతో తిరుగుతున్న ఇతని గది వాకిట ఎవరో జాలిపడి కొత్త జత ఉంచగా, అవమానంగా భావించి దానిని విసిరివేశాడట. ఈ అభిమానమే తరువాత ఒక ప్రభువుతో తగవుకు కూడా దారితీసింది.

1735లో తనకంటె ఇరవై ఏళ్ళు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అను వితంతువును వివాహమాడి, ఆమె సొమ్ముతో ఎడియల్ అనే చోట పాఠశాల పెట్టాడు. విద్యార్థులు నలుగురైనా చేరక అది మూతపడింది. ఆ కొద్దిమందిలో ఒకడు, తరువాత మహానటుడైన డేవిడ్ గారిక్. 1737లో గురుశిష్యులిద్దరూ కలిసి లండనుకు బయలుదేరారు.

లండనులో జాన్సన్ పత్రికా రచనతో పొట్టపోసుకొన్నాడు. పార్లమెంటు చర్చలను ప్రచురించడం నిషిద్ధమైన ఆ రోజులలో, ఇతరులు తెచ్చిన కొద్దిపాటి వివరాల ఆధారంగా సభ్యుల ఉపన్యాసాలను తానే కల్పించి వ్రాసేవాడు. చదివినవారు అవి నిజమైన ఉపన్యాసాలనే నమ్మారు.

నిఘంటు నిర్మాణము

ఆంగ్లంలో మొదటి నిఘంటువు జాన్సన్‌దే అన్న అభిప్రాయం సరికాదు. 1604లోనే రాబర్ట్ కాడ్రీ కఠిన పదాలకు ఒక చిన్న నిఘంటువు ప్రచురించాడు. నేథన్ బెయిలీ 1730లో వెలువరించిన నిఘంటువులో పదాల సంఖ్య జాన్సన్ గ్రంథంలో కంటె ఎక్కువే. అయితే ఫ్రెంచి అకాడమీ 1694లో తమ భాషకు ఘనమైన నిఘంటువును ప్రకటించింది. అటువంటిది ఆంగ్లానికి లేదన్న లోటు ఉండేది. 1746లో లండను పుస్తక ప్రచురణకర్తలు కొందరు కలిసి, 1,575 పౌన్లకు జాన్సన్‌తో ఒప్పందం చేసుకొన్నారు. మూడేళ్ళలో ముగిస్తానన్న పనికి తొమ్మిదేళ్ళు పట్టింది. సహాయకుల జీతాలు కూడా ఆ సొమ్ములోనివే.

గఫ్ స్క్వేర్ లోని అద్దె ఇంటి పై అంతస్తులో ఈ పని సాగింది. జాన్సన్ పుస్తకాలు చదువుతూ, తగిన పదం కింద పెన్సిలుతో గీత గీసి, దాని మొదటి అక్షరాన్ని అంచున వ్రాసేవాడు. ఆరుగురు సహాయకులు ఆ వాక్యాలను కాగితపు ముక్కల మీదకు ఎక్కించేవారు. వారిలో ఐదుగురు స్కాట్లాండు వారు కావడం ఒక చమత్కారం. ఎందుకంటే ఓట్స్ అనే పదానికి అర్థం చెప్పేటపుడు, ఇంగ్లాండులో గుర్రాలు తినే ఆ ధాన్యాన్ని స్కాట్లాండులో మనుషులు తింటారని జాన్సన్ ఎగతాళి చేశాడు.

ఈ పద్ధతిలోనే గ్రంథం యొక్క గొప్పతనం ఉన్నది. పదానికి అర్థం ఊహించి చెప్పక, షేక్‌స్పియర్, మిల్టన్, డ్రైడెన్ వంటివారు దానిని ఎలా వాడారో చూసి, ఆ వాడుకల నుండి అర్థాలను విడదీశాడు. సుమారు 42,000 పదాలకు లక్షకు పైగా ప్రయోగాలు చూపాడు. తీసుకొను అనే అర్థం గల టేక్ అనే ఒక్క క్రియకే 134 అర్థాలు ఇచ్చాడు. ఒక పదం ఇన్ని దారులు పట్టడం చూసిన తరువాతనే భాషను కట్టడి చేయడంపై ఇతని నమ్మకం సడలింది.

పొరపాట్లూ ఉన్నాయి. గుర్రపు గిట్టకు పైనుండే భాగాన్ని తెలిపే పదానికి మోకాలు అని అర్థం వ్రాశాడు. ఇలా ఎందుకు వ్రాశారని ఒక స్త్రీ అడుగగా, కేవలం తెలియకపోవడం వల్లనే అని బదులిచ్చాడట.

పద వ్యుత్పత్తులు ఈ గ్రంథంలో బలహీనమైన భాగం. వీటికి ఇతడు ముఖ్యంగా స్కిన్నర్, జూనియస్ అనే పూర్వ పండితులపై ఆధారపడ్డాడు. భాషల మధ్య ధ్వనుల మార్పులకు నియమాలున్నవని అప్పటికి ఎవరికీ తెలియదు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో ప్రకటించిన సర్ విలియం జోన్స్, జాన్సన్ సభ్యుడిగా ఉన్న సాహిత్య క్లబ్బులో 1773 నుండి సభ్యుడే. ఆ ప్రకటన నాటికి జాన్సన్ మరణించి ఏడాది దాటింది.

చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుతో తగవు

1747లో జాన్సన్ తన నిఘంటు ప్రణాళికను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు సమర్పించగా, ఆయన పది పౌన్లు ఇచ్చి ఊరుకొన్నాడు. ఏళ్ళ తరబడి పట్టించుకోని ఆ ప్రభువు, గ్రంథం వెలువడబోయే సమయంలో దానిని పొగడుతూ పత్రికలో వ్యాసాలు వ్రాశాడు. మునిగిపోతున్నప్పుడు రాని సహాయం ఒడ్డుకు చేరాక అక్కరలేదన్న భావంతో జాన్సన్ 1755 ఫిబ్రవరిలో ఆయనకు ఒక లేఖ వ్రాశాడు. రచయితలు ప్రభువుల ప్రాపకాన్ని వదలి పాఠకులపై ఆధారపడే కాలానికి ఈ లేఖను గుర్తుగా చెబుతారు. ప్రభువు మాత్రం కోపించక, ఆ లేఖను తన బల్లపై ఉంచి వచ్చినవారికి చూపేవాడట.

1755 ఏప్రిల్ 15న నిఘంటువు రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. భార్య మూడేళ్ళ ముందే మరణించింది. పేరు వచ్చినా పేదరికం పోలేదు. మరుసటి సంవత్సరమే చిన్న అప్పుకు అరెస్టు కాగా, నవలా రచయిత రిచర్డ్‌సన్ సొమ్ము పంపి విడిపించాడు. 1759లో తల్లి అంత్యక్రియల ఖర్చు కోసం రాసెలాస్ అనే కథను ఒక్క వారం సాయంత్రాలలో వ్రాశాడని ప్రతీతి.

చివరి దశ

1762లో మూడవ జార్జి రాజు ఇతనికి ఏడాదికి 300 పౌన్ల పింఛను మంజూరు చేశాడు. తన నిఘంటువులో పింఛను అంటే దేశద్రోహానికి ఇచ్చే కూలి వంటిదని వ్రాసిన జాన్సన్ కొంత తటపటాయించి, స్నేహితులతో ఆలోచించి స్వీకరించాడు. విమర్శకులు ఎద్దేవా చేయక మానలేదు.

జీవిత చరిత్రకారుడు జేమ్స్ బాస్వెల్ ఇతనిని 1763లో మాత్రమే కలిశాడు. అందుచేత 1791లో వెలువడిన ఆ ప్రఖ్యాత గ్రంథంలో మాటకారి అయిన వృద్ధ జాన్సనే ఎక్కువగా కనిపిస్తాడు; నిఘంటువు కోసం శ్రమించిన పేద రచయిత తక్కువగా కనిపిస్తాడు. షేక్‌స్పియర్ నాటకాల పరిష్కరణ (1765), కవుల జీవితాలు (1779-81) ఈ దశలోని ముఖ్య రచనలు.

జమైకాలో బానిసగా పుట్టిన ఫ్రాన్సిస్ బార్బర్ 1752 నుండి జాన్సన్ ఇంట పెరిగాడు. జాన్సన్ అతనిని చదివించి, తన వీలునామాలో ఏడాదికి 70 పౌన్ల భరణం వ్రాశాడు. బానిసత్వాన్ని ఇతడు తీవ్రంగా వ్యతిరేకించేవాడు.

1784 డిసెంబరు 13న లండనులో మరణించగా, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు జాన్సన్ చెప్పిన అర్థాలను పలుచోట్ల యథాతథంగా స్వీకరించి, పక్కన ఇతని పేరులోని మొదటి అక్షరాన్ని గుర్తుగా ఉంచారు. గఫ్ స్క్వేర్ లోని ఇల్లు 1914 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది.