డాక్టరు ద్వారకానాథ కోట్నీసు

గాయపడినవాని బాధకు భాషాభేదము లేదు. దానిని మాన్పు వైద్యునకును దేశభేదము లేదని తన జీవితముచే నిరూపించిన యొక మహనీయునిగూర్చి యిచట ముచ్చటింపఁ దలంచితిమి.

ద్వారకానాథ కోట్నీసు 1910వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన షోలాపురమున జన్మించి, బొంబాయిలోని సేఠ్ జి. ఎస్. వైద్యకళాశాలలో విద్య నభ్యసించెను. 1937లో జపాను చైనాపై దండెత్తెను. చైనా సేనాని జూ డే వైద్యసహాయము గోరుచు నెహ్రూగారికి లేఖ వ్రాసెను. కాంగ్రెసు అధ్యక్షులగు సుభాసు చంద్రబోసుగారు ప్రజలను చందాల కర్థించిరి. పరాధీనమైయున్నను మన దేశము పొరుగువాని యాపదను విస్మరింపలేదు. ప్రజలిచ్చిన ధనముతో మందులను, అంబులెన్సుబండిని, అటలుగారి నాయకత్వమున ఐదుగురు వైద్యులను 1938లో చైనాకుఁ బంపిరి. వారిలో కోట్నీసు ఒకఁడు.

చైనాఁ జేరిన కొలఁది మాసములకే అతనికి తండ్రి మరణవార్త అందెను. ఇంటికి మరలుటయా, నిలుచుటయా? క్షతగాత్రులను విడువఁజాలక అతఁడు నిలిచెను. 1939లో యెనాను నగరమునకుఁ బోయి, పిదప యుద్ధరంగమునకుఁ దరలెను. అచట మందులు చాలవు, పల్లెయిండ్లే ఆసుపత్రులు, శత్రువులు సమీపించినపుడెల్ల రోగులతోఁ గూడ తావు మార్పవలసియుండెను. అతఁడు చైనాభాష నేర్చి, ఆ భాషయందే శిష్యులకు శస్త్రవైద్యమును బోధించెను.

కెనడా వైద్యుఁడగు నార్మన్ బెత్యూను 1939లో శస్త్రచికిత్స చేయుచుండఁగా వ్రేలు తెగి, రక్తము విషమించి మరణించెను. ఆయన పేర వెలసిన అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు 1941లో కోట్నీసు అధ్యక్షుఁడయ్యెను. ఆ యేడే గువో చింగ్‌లాన్ అను చైనా నర్సును వివాహమాడెను. వారి కుమారునకు యిన్‌హువా యని పేరిడిరి. అందు యిన్ అనఁగా భారతదేశము; హువా యనఁగా చైనా.

తక్కిన నలుగురు వైద్యులును కాలక్రమమున స్వదేశము చేరిరి. కోట్నీసునకు ఆ భాగ్యము లేకపోయెను. మూర్ఛవ్యాధి పీడించుచున్నను విశ్రాంతిఁ గొనక పనిచేసి, 1942 డిసెంబరు 9వ తేదీన, 32 ఏండ్ల ప్రాయమున, అతఁడు కన్ను మూసెను. కుమారుఁ డప్పటికి నెలల పసికందు.

1962లో ఉభయదేశములకును యుద్ధము సంభవించెను. అయినను అతని పేరు మాసిపోలేదు. 1982లో చైనాయు, 1993లో భారతదేశమును అతని స్మారకముగా తపాలాబిళ్లలను వెలువరించెను. షిజియాజువాంగు నగరమున అతని సమాధి నేఁటికిని కలదు.

సోదర విద్యార్థులారా! మనమందఱము వైద్యులము కాకపోవచ్చును. కాని ఆపదలోనున్నవాఁడు మనవాఁడా, పరాయివాఁడా యని యడుగకుండ చేయి చాఁచుట మన కందఱకును సాధ్యమే. ఆ యొక్క గుణమును అలవఱచుకొందుము గాక!